శెత్రంజి ఏ ఊరిది?

శ్రోతలకు నమస్కారం.

పోయిన ఏడాది మా చిన్నమ్మ మనవరాలి పెళ్లికి షోలాపూర్ వెళ్లాను. కానుకగా ఏం తీసుకెళ్లాలా అని ఆలోచించి, చివరికి మా వరంగల్‌లో నేతగాళ్ల వీధి కొత్తవాడ నుంచి శెత్రంజి ఒకటి కొన్నాను. శెత్రంజి అంటే తెలుసు కదా, ఇప్పుడు దుకాణాల్లో దరీ అంటున్నారు. మా ఇంట్లో పొత్తుల భోజనాలకు, పురాణ కాలక్షేపానికి ముందు పరిచేది అదే.

పెళ్లింట్లో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు ఆ శెత్రంజిని విప్పి అంచు వేళ్లతో నలిపాడు. తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు. "రెండు దిక్కులా ఒక్క తీరే ఉన్నది. ఓరుగల్లు పనే ఇది. కొత్తవాడనా?" అన్నాడు. అవునన్నాను. "ఎవరు నేస్తున్నరిప్పుడు? మగ్గాలు ఎన్నున్నయి?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నేను పుట్టిందీ పెరిగిందీ వరంగల్‌లోనే. కొనడమే తప్ప, నేస్తుండగా ఒక్కసారీ చూడలేదు.

ఆయన తాతలది జనగామ దిక్కట. షోలాపూర్‌లో 1877లో బట్టల మిల్లు మొదలైంది. ఆ కాలం నుంచి మన పద్మశాలీలు ఎందరో మగ్గం పని వెతుక్కుంటూ అటు వెళ్లారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. రాఖీ పున్నమికి అక్కడ మార్కండేయ రథోత్సవం ఎంత ఘనంగా చేస్తారో చూడాలి. ఇక షోలాపూర్ చద్దరు సంగతి. ఆ ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చేది చద్దరే, దానికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, కూడా ఉంది. స్టేషన్ బయట అడుగు పెట్టగానే దుకాణాల నిండా అవే. ఊరు తనను తాను చూపించుకునేది వాటితోనే. వాటిని నేసిన చేతుల్లో చాలా చేతులు మనవి.

వెళ్లినవాళ్లు మగ్గం తీసుకెళ్లారు. ఆ ఊరు దాన్ని తన పేరుగా పెట్టుకుంది.

మరి మన ఊరి సంగతి? ఇక్కడ కథ తిరగబడుతుంది. మొగలుల కాలంలో దండు వెంట వచ్చిన పారశీక నేతగాళ్లు ఇక్కడే ఉండిపోయి తివాచీల పని మొదలుపెట్టారని చెప్పుకుంటారు. శెత్రంజి అన్న మాట చూడండి, చదరంగాన్ని షత్రంజ్ అంటారు కదా, అందులోంచి వచ్చిందే. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలు ఉన్నాయి. తర్వాత కుచ్చు తివాచీల పని సన్నగిల్లింది, దరీలు నిలబడ్డాయి. 2018లో వరంగల్ దరీలకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే, వచ్చినవాళ్లు మగ్గం తెచ్చారు. మనవాళ్లు నేర్చుకున్నారు. ఇప్పుడది మనది.

షోలాపూర్ నుంచి రాగానే కొత్తవాడ వెళ్లాను. ఒక ఇంట్లో భార్యాభర్తలు మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. పేక అంటే అడ్డంగా నేసే నూలు. ఎరుపు పేక, నీలం పేక కలిసేచోట ఒకదాన్ని ఒకటి మెలివేస్తున్నారు, మధ్యలో చీలిక రాకుండా. ఇంటర్‌లాక్ అంటారట. పంజాతో, అంటే దువ్వెన లాంటి పనిముట్టుతో, పేకను కిందికి కొడుతుంటే ఆ చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. గంటసేపు చూశాను, జానెడు కూడా కాలేదు. ధర ఎక్కువని బేరమాడిన రోజు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

వచ్చేటప్పుడు ఆటో అతను అన్నాడు: "కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి అడుగుతరు సార్. మగ్గాలు సూస్తమని ఎవరూ అడగరు."

ఎలా అడుగుతారు? మన ఊరి బొమ్మ ఎక్కడ వేసినా కీర్తితోరణమే. తోరణం గొప్పదే, నేను కాదనను. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు మా ఇంట్లో పాయసం వండుకున్నాం. కానీ రాతిని చూసి దండం పెట్టుకుని వెళ్లిపోతారు. మగ్గం దగ్గర కూర్చుంటే మాట్లాడతారు, నాలుగు దరీలు కొంటారు. నేసేవాడికి మధ్య దళారి లేకుండా డబ్బు చేరుతుంది.

అందుకే నేను అడిగేది చిన్నది. కోట దగ్గర ఒక బోర్డు, స్టేషన్ దగ్గర ఒక బోర్డు. "శెత్రంజి నేసే వీధికి దారి" అని, బాణం గుర్తుతో. కింద రెండు వాక్యాలు: ఈ పని ఎక్కడి నుంచి వచ్చింది, ఇప్పుడు ఎవరు చేస్తున్నారు. అంతే. పెద్ద భవనం వద్దు, ప్రారంభోత్సవం వద్దు.

షోలాపూర్ పెద్దాయన మొన్న ఫోన్ చేశాడు. సద్దుల బతుకమ్మకు వస్తాడట. కోట తర్వాత చూస్తానని, ముందు కొత్తవాడ చూపించమని అన్నాడు. అప్పటికి బోర్డు పడకపోతే, మలుపు దగ్గర నేనే నిలబడతాను.