ఊరి పేరు ఒక్కటే చాలదు: ప్రాంతీయ రుచుల కొట్టుకు సరుకు ఎంచుకునే తీరు

అందరికీ నమస్కారం. ప్రాంతీయ రుచుల కొట్టు కొత్తగా పెట్టబోతున్నవాళ్లూ, ఇప్పటికే నడుపుతున్నవాళ్లూ ఈ సభలో ఉన్నారు. గుంటూరు కారం, గానుగ నూనె, అనకాపల్లి బెల్లం, ఆత్రేయపురం పూతరేకులు... మనం అమ్మేదంతా పేరున్న సరుకే. కొనేవాళ్లు ఆ పేరు చూసే నాలుగు రూపాయలు ఎక్కువిస్తారు. కాబట్టి ఆ పేరు నిజమో కాదో తేల్చుకోవాల్సిన పూచీ మనదే. సరుకు తెచ్చినవారిని ముందు మూడు సంగతులు అడగాలి. పంట ఎప్పటిది? ధర లెక్కకు నిలుస్తుందా? ఈ బ్యాచ్‌కే సంబంధించిన కాగితం ఉందా?

కారంతో మొదలుపెడతాను. కారం తయారీదారు దగ్గరికి వెళ్తే ముందు పొడి చూడకండి, కాయ చూపించమనండి. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ జనవరి, ఫిబ్రవరి నుంచి జోరుగా వస్తుంది, వేసవితో ఆ జోరు తగ్గుతుంది. ఆ తర్వాత దొరికేది చాలావరకు కోల్డ్ స్టోరేజీ సరుకే. అందుకే అక్కడ ధర చెప్పేటప్పుడే ఏసీ సరుకా, నాన్ ఏసీ సరుకా అని వేరుచేసి చెబుతారు. ఏసీ సరుకు అంటే తక్కువ రకమని కాదు. బయట గోడౌన్‌లో ఎండాకాలం గడిపిన కాయ రంగు వెలిసిపోతుంది, చల్లటి గదిలో పెట్టిన కాయ రంగు నిలుస్తుంది. నవంబరులో ఎవరైనా "కొత్త పంట కారం" అని అమ్మజూపితే మాత్రం గట్టిగా ఆరా తీయాలి.

మూడు బస్తాల నుంచి, పై భాగం, మధ్య, అడుగు నుంచి కాయలు తీయించండి. చేత్తో ఆడిస్తే గింజలు గలగలమనాలి. తోలులా మెత్తగా వంగితే తడి ఉన్నట్టే. బస్తాలకెత్తేటప్పుడు కాయ విరగకుండా, తూకం కలిసొచ్చేలా నీళ్లు చిలకరించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ తడే తర్వాత బూజు అవుతుంది. పది కాయలు నిలువునా చీల్చి లోపల గింజ చుట్టూ చూడండి. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలో కూడా నల్లటి బూజు కనిపించవచ్చు. బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు, పొడి చేశాక ఆ బూజు కంటికి దొరకదు. ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం ఎండుమిర్చిలోనైనా కారంలోనైనా తేమ 11 శాతం మించకూడదు. తేమ మీటరు ఉన్న తయారీదారును ఎంచుకోండి.

ఇక రంగు. మిరప రకాల్లో బ్యాడిగికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. తేజకు ఘాటు ఎక్కువ. సన్నం ఈ రెండింటి మధ్య ఉంటుంది. "అచ్చమైన గుంటూరు సన్నం" అని చెప్పిన పొడి కళ్లు చెదిరే ఎరుపులో ఉంటే అందులో బ్యాడిగి కలిసిందా, రంగు కలిసిందా అని అడగాల్సిందే. బ్యాడిగి కలపడం తప్పేమీ కాదు, చెప్పకుండా కలపడం తప్పు. మరోవైపు పొడి పసుపు తిరిగి పాలిపోయినట్టుంటే తాలు కాయలు (రంగు పోయిన నాసి కాయలు) గానీ, అదనపు గింజలు గానీ, తీసేయకుండా వదిలిన తొడిమలు గానీ మరలో పడ్డాయన్నమాట.

గ్లాసు నీళ్లలో చిటికెడు కారం వేసి చూసే పరీక్ష అందరికీ తెలుసు. నీళ్లలో కరిగే రంగు చారలుగా దిగుతుంది, ఇటుక పొడి అడుగున గరగరలాడుతుంది. అంతవరకూ మంచిదే. కానీ సూడాన్ అనే పారిశ్రామిక ఎరుపు రంగు నూనెలో కరిగేది, ఆ గ్లాసులో అది బయటపడదు. 2003లో యూరోపియన్ యూనియన్ మిరప ఉత్పత్తుల దిగుమతిపై అత్యవసర నిబంధనలు పెట్టిందీ, 2005లో బ్రిటన్ దుకాణాల నుంచి కొన్ని వందల రకాల సరుకులు వెనక్కి వెళ్లిందీ ఈ రంగు వల్లనే. దాన్ని పట్టేది ల్యాబే. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టు అడగండి, అందులోని బ్యాచ్ నంబరు మీకొచ్చిన ప్యాకెట్ మీది నంబరుతో సరిపోతోందా చూడండి. నిరుడు చేయించిన ఒకే రిపోర్టును ఏడాది పొడవునా చూపించేవాళ్లున్నారు. అది ఈ సరుకుకు సాక్ష్యం కాదు.

మర వేడికి కూడా కారం చెడుతుంది. ఆడించిన వెంటనే వేడిగా ప్యాక్ చేస్తే కవరు లోపల ఆవిరి పట్టి ఉండలు కడుతుంది. పరిచి పూర్తిగా చల్లారాకే కవర్లోకి ఎత్తుతున్నారా అని చూడాలి. మెరుపు కోసం నూనె పట్టించిన పొడి రెండు మూడు నెలలకే ముక్కిపోయిన వాసన వేస్తుంది.

గానుగ నూనెకు అన్నిటికన్నా ముందు చేయాల్సింది లెక్క. లీటరు నువ్వుల నూనెకు గానుగలో సుమారు రెండున్నర కిలోల నువ్వులు పడతాయి. నువ్వులు కిలో 150 రూపాయలు అనుకుందాం. అంటే 375. దాదాపు కిలోన్నర తెలగపిండి మిగులుతుంది, దాన్ని కిలో 40 చొప్పున అమ్మితే 60 రూపాయలు తిరిగొస్తాయి. ఆడించే కూలి, సీసా, రవాణా వేయకముందే లీటరుకు 315 పడింది. అలాంటిది 250కి ఇస్తానంటే ఆ సీసాలో నువ్వుల నూనెతో పాటు ఇంకేదో ఉంది. ఈ లెక్క వేరుశనగకూ వేసుకోవచ్చు, ఆనాటి పప్పు ధర, నూనె తీశాక మిగిలే చెక్క ధర తెలిస్తే చాలు. తాజా గానుగ నూనెలో మడ్డి ఉంటుంది, అది తేరాకే సీసాకెత్తాలి. మడ్డితో, తడితో నింపిన నూనె త్వరగా చెడుతుంది. తెల్ల సీసాల్లో లైట్ల కింద అందంగా పేర్చితే మరీ త్వరగా.

బెల్లం విషయంలో కొనేవాళ్ల కళ్లే మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. పసుపుగా మెరిసేదే అడుగుతారు. ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్ అనే, రంగు తేల్చే రసాయనం వేసి తెచ్చిందే, నిల్వలో మళ్లీ నల్లబడుతుంది. కొత్త సరఫరాదారు ఇచ్చిన దిమ్మ ఒకటి కొన్ని వారాలు పక్కన పెట్టి రంగు మారుతుందేమో గమనించండి. ముదురు గోధుమ రంగు బెల్లాన్నే పెట్టి, ఎందుకలా ఉందో పక్కన ఒక చీటీ రాసి అంటించండి. మెల్లగానైనా జనం అలవాటు పడతారు.

పూతరేకులకు వద్దాం. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. ఆ గుర్తింపు ఉన్నంత మాత్రాన ఎవరు పడితే వారు ఆ పేరు వాడకూడదు. చట్టప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదైనవారికే ఆ హక్కు. ఆ నమోదు కాగితం అడగండి. నెయ్యి సంగతి తేల్చడానికి ఒక రేకు నోట్లో పెట్టుకోండి. నెయ్యి నాలుక మీద ఇట్టే కరుగుతుంది, డాల్డా అంగిట్లో పూతలా అంటుకుంటుంది. బెల్లం రేకులు వానాకాలంలో పంచదార వాటికన్నా ముందే మెత్తబడతాయి, కాబట్టి జూలై నుంచి చిన్న ఆర్డర్లే పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే తేమ పట్టి ముద్దయిపోతాయి.

ప్యాకెట్ మీది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరును ఆ సంస్థదే అయిన ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. పేరు, చిరునామా, తయారుచేసే పదార్థం మూడూ కలవాలి. పచ్చళ్లకు తీసుకున్న నంబరుతో నెయ్యి అమ్మేవారు కూడా ఉంటారు.

మొదటి ఆర్డరు బాగుందని ఏడాది ఒప్పందం రాసుకోకండి. నెల ఎడంతో మూడు బ్యాచ్‌లు తెప్పించి, మూడూ ఒక్కలా ఉంటేనే ముందుకు వెళ్లండి. ప్రతి బ్యాచ్ నుంచీ 250 గ్రాములు తీసి, తేదీ, బ్యాచ్ నంబరు రాసి, గడువు తీరేదాకా సీలు వేసి దాచండి. కొన్నవారు ఫిర్యాదుతో వచ్చిన రోజు ఆ పొట్లం విప్పి వాళ్ల ప్యాకెట్ పక్కన పెట్టండి. రెండూ చెడి ఉంటే తప్పు తయారీదారుదగ్గరో మన నిల్వలోనో ఉంది, డబ్బు వెంటనే తిరిగిచ్చి ఆ బ్యాచ్ మొత్తం అర నుంచి దించేయండి. దాచినది బాగుంటే వాళ్లింట్లో ఎక్కడ పెట్టారో, మూత ఎలా ఉందో ఓపిగ్గా అడిగి తెలుసుకోండి.