బాయిలర్‌ని సన్న సెగ మీద పెట్టండి

అందరికీ నమస్కారం.

ఇందాక హాల్లోకి రాగానే మీరంతా కోట్లు తీసి కుర్చీలకు తగిలించారు. పది నిమిషాలు కాకముందే వెనక వరసలో ఎవరో లేచి కిటికీ తెరిచారు. ఇప్పటికీ ఆ కిటికీ తెరిచే ఉంది, దాని కిందున్న రేడియేటర్, అంటే వేడినీళ్లు పారే ఇనప పలక, కాలుతూనే ఉంది. నేను ఇంగ్లండ్‌లో చేసే ఉద్యోగమంతా ఆ కిటికీకీ ఆ రేడియేటర్‌కీ మధ్యనే. భవనాల హీటింగ్ కంట్రోల్స్ చూసే ఇంజనీర్‌ని. చలికాలం మొదలయ్యేలోపు మన తెలుగు కుటుంబాలతో ఓ గంట మాట్లాడమని కమిటీవాళ్లు అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను.

నా పాఠం మా అమ్మతో మొదలవుతుంది. కొన్నేళ్ల కిందట అమ్మ గుంటూరు నుంచి మొదటిసారి ఇంగ్లండ్ వచ్చింది. జనవరి నెల. పొద్దున్నే మేడ దిగి చూస్తే గోడ మీద థర్మోస్టాట్ 28 దగ్గరుంది. శాలువా కప్పుకుని సోఫాలో కూర్చుంది.

"ఏంటమ్మా, ఇంత పెట్టావు?"

"త్వరగా వేడెక్కుద్దని పెట్టానే."

మనలో చాలామంది ఇదే చేస్తాం. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే మామూలు థర్మోస్టాట్ ఒక కాపలాదారు. గది చెప్పిన వేడికి చేరిందా లేదా అని చూస్తూ, గ్యాస్‌తో నీళ్లు కాచి రేడియేటర్లకు పంపే బాయిలర్‌కి మండమనో ఆగమనో చెబుతుంది. 20 పెట్టినా 28 పెట్టినా గది 20కి చేరడానికి పట్టే సమయం ఒకటే. 28 పెడితే అక్కడ ఆగకుండా పోతూనే ఉంటుంది. ఇదంతా విని అమ్మ అడిగిన ప్రశ్నే ఇవాళ్టి నా ప్రసంగానికి మూలం.

"మరి సెగ పెంచేదెక్కడ, తగ్గించేదెక్కడ?"

ఆ నాబ్ బాయిలర్ మీదే ఉంటుంది. దాన్ని ఫ్లో టెంపరేచర్ అంటారు. బాయిలర్ నుంచి రేడియేటర్లకు వెళ్లే నీళ్లు ఎంత వేడిగా వెళ్లాలో అది నిర్ణయిస్తుంది. బాయిలర్ బిగించిన మనిషి 70, 75, ఒక్కోసారి 80 మీద పెట్టి వెళ్లిపోతాడు. వేడి చాలడం లేదని ఫోన్ రాకుండా ఉంటుందని. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఇందులో నష్టమెక్కడో చెబుతాను. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. గ్యాస్ ఇచ్చే మొత్తం వేడిలో దాదాపు పదో వంతు ఆ ఆవిరిలో దాగి ఉంటుంది. బాయిలర్ లోపలే ఆ ఆవిరి చల్లబడి నీళ్లయితే ఆ వేడి మన ఇంటికి దక్కుతుంది, లేకపోతే పొగగొట్టం గుండా ఆకాశంలోకి పోతుంది. అలా దక్కించుకునేదే కండెన్సింగ్ బాయిలర్. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్ ఆ రకందే అయి ఉండాలని నిబంధన. కానీ రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల లోపు ఉంటేనే ఆవిరి నీరవడం మొదలవుతుంది. 75కి వెళ్లి 62కి తిరిగొచ్చే నీళ్లతో అది జరగదు. అట్ట మీద 92 శాతం సామర్థ్యం అని రాసి ఉన్న బాయిలర్, మన గోడ మీదకి వచ్చేసరికి ఆ మాట నిలబెట్టుకోలేకపోయేది ఇందుకే.

అమ్మకి ఇదే చెబితే ఒక్క క్షణం ఆలోచించి, "దాలిలో పాలు కాచినట్టన్నమాట" అంది. చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో పిడకల దాలి చూసినవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది. సెగ సన్నగా ఉంటుంది, ఆగదు. పాలు పొంగవు, మీగడ అట్టులా కడుతుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంతకంటే మంచి పోలిక నాకు దొరకలేదు.

మా ఇంట్లో ఫ్లో టెంపరేచర్ 70 నుంచి 55కి తగ్గించిన రోజు నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. బాయిలర్ నుంచి సన్నటి తెల్ల ప్లాస్టిక్ గొట్టం ఒకటి గోడ వెంట దిగి కాలవలో కలుస్తుంది. అంతకుముందు దాని చివర ఎప్పుడో ఒక చుక్క పడేది. ఆ సాయంత్రం చుక్క వెంట చుక్క రాలుతూనే ఉంది. మునుపు పొగగొట్టంలోంచి ఎగిరిపోయిన వేడిలో కొంత ఆ రోజు నుంచి మా హాల్లో ఉండిపోతోంది. పైసా ఖర్చు కాలేదు. రేడియేటర్ మీద చెయ్యి పెడితే మునుపటిలా చురుక్కుమనదు, గోరువెచ్చగా ఉంటుంది. గది వేడెక్కడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది కాబట్టి అరగంట ముందు మొదలుపెట్టుకోవాలి. బాగా చలి పడిన వారం చాలలేదనిపిస్తే ఓ ఐదు డిగ్రీలు పెంచుకోవచ్చు. 2022 డిసెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం కూడా కాంబి బాయిలర్లున్న ఇళ్లను, అంటే సిలిండర్ లేకుండా కుళాయి నీళ్లు అప్పటికప్పుడు కాగే ఇళ్లను, 60కి తగ్గించుకోమని ప్రచారం చేసింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి, ఇవి మాత్రం మరిచిపోకండి. బాయిలర్ మీద సాధారణంగా రెండు సెట్టింగులుంటాయి, ఒకదానికి కుళాయి బొమ్మ, ఇంకోదానికి రేడియేటర్ బొమ్మ. మీరు తగ్గించాల్సింది రేడియేటర్ బొమ్మది. రెండోది, ఇంట్లో వేడినీళ్ల సిలిండర్ ఉంటే సొంతంగా తగ్గించకండి. సిలిండర్లో నిలవ నీళ్లు 60 డిగ్రీలకు చేరకపోతే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదముంది. ఆ ఇళ్లలో ఇంజనీర్‌ని పిలిచి చేయించుకోవడమే మంచిది.

ఇప్పుడు స్మార్ట్ కంట్రోల్స్. థర్మోస్టాట్ కొత్తదేమీ కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అని ఒక కాలేజీ మాస్టారు ఉండేవారు. గది ఎంత వేడిగా ఉందో చూడడానికి పనివాడు పాఠం మధ్యలో తలుపు తోసుకుని వస్తుంటే విసుగొచ్చి, గదిలోని వేడిని కింద బాయిలర్ గదికి తెలియజేసే విద్యుత్ పరికరం తయారుచేసి 1883లో పేటెంట్ తీసుకున్నారు. గది వేడిని బట్టి రేడియేటర్‌లోకి వెళ్లే నీళ్లను సర్దేందుకు దాని పక్కన మనం తిప్పే నంబర్ల మూత, అంటే టీఆర్‌వీ, డెన్మార్క్‌లో డాన్‌ఫాస్ కంపెనీవాళ్లు 1943లో కనిపెట్టింది. 2011లో నెస్ట్ అనే పరికరం వచ్చి, మనుషుల అలవాట్లు నేర్చుకునే థర్మోస్టాట్ అనే మాట జనంలోకి తెచ్చింది.

కొనేముందు మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది నా బాయిలర్‌తో ఏ భాషలో మాట్లాడుతుంది? చాలా ఇళ్లలో రెండు వందల పౌండ్లు పెట్టి స్మార్ట్ థర్మోస్టాట్ బిగిస్తారు, వైరింగ్ మాత్రం పాత ఆన్-ఆఫ్ పద్ధతిలోనే ఉంటుంది. అప్పుడది ఫోన్‌తో నొక్కే స్విచ్ మాత్రమే. దానితో కూడా మేలుంది, కాదనను. ఆసుపత్రుల్లో షిఫ్టులు చేసే మన నర్సులు, డాక్టర్లు వారానికో వేళలో ఇంటికొస్తారు. ఖాళీ ఇంటికి వేడి పట్టించకుండా బయల్దేరేటప్పుడు ఫోన్‌లో ఆన్ చేసుకుంటే వాళ్లకి నిజంగానే ఆదా. కానీ ఓపెన్‌థర్మ్ లాంటి పద్ధతిలో కలిపితే థర్మోస్టాట్ "20కి ఒక్క డిగ్రీయే తక్కువుంది, 45 డిగ్రీల నీళ్లు చాలు" అని బాయిలర్‌కి చెప్పగలదు. దాలి సెగని అదే సర్దుతుందన్నమాట. ఇంకో పద్ధతి వెదర్ కాంపెన్సేషన్. ఉత్తరపు గోడకి బయట చిన్న సెన్సార్ పెడతారు. బయట చలి పెరిగిన కొద్దీ నీళ్ల వేడి పెరుగుతుంది, ఎండ కాస్తే తగ్గుతుంది. జర్మనీలో ఇది ఎన్నో ఏళ్లుగా మామూలు సంగతి. ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి కాంబి బాయిలర్ కొత్తగా పెడితే టైమర్, థర్మోస్టాట్‌తో పాటు ఇంకో పొదుపు ఏర్పాటు కూడా ఉండాలని నిబంధన వచ్చింది. వెదర్ కాంపెన్సేషన్, స్మార్ట్ కంట్రోల్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మీ బాయిలర్ ఆ తర్వాతదైతే కాగితాలు తీసి చూడండి, సెన్సార్ వైరు బిగించే చోటు ఖాళీగా మీకోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.

గదుల సంగతికొస్తే, ఇంటి నుంచి పనిచేసే మన ఐటీ పిల్లలు మేడ మీద చిన్న గదిలో కూర్చుంటారు, ఇల్లంతా వేడెక్కుతుంది. ఒక్కో రేడియేటర్‌కి ఒక్కో స్మార్ట్ టీఆర్‌వీ పెడితే ఆ గదికే వేడి పంపొచ్చు. తలుపు వేసుకోవాలి, టీఆర్‌వీ ముందు సోఫా గానీ కర్టెన్ గానీ అడ్డం ఉండకూడదు. థర్మోస్టాట్ ఉన్న గదిలో మాత్రం టీఆర్‌వీని పూర్తిగా తెరిచే ఉంచండి, లేదంటే ఒకదాన్నొకటి తప్పుదారి పట్టిస్తాయి. ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటే గది 18 కంటే తగ్గనివ్వకండి. మనం రోజూ అన్నం వండుతాం, సాంబారు కాస్తాం, బట్టలు లోపలే ఆరేస్తాం. ఆ తేమంతా చల్లటి గోడ మీద చేరి బూజు పడుతుంది. పొదుపు చేయబోయి పిల్లలకి దగ్గు తెచ్చుకోవద్దు. ఈ మాట నేను తల్లిగా చెబుతున్నాను.

"రోజంతా సన్నగా వెలిగించి ఉంచితే ఆదా కదా?" అని చాలామంది అడుగుతారు. ఇంటి లోపలికీ బయటికీ ఎంత తేడా ఉంటే అంత వేడి గోడల్లోంచి పోతుంది. అందుకని గ్యాస్ బాయిలర్ ఉన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు చల్లబడనివ్వడమే లాభం. హీట్ పంప్, అంటే బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రం, ఉన్నవాళ్ల లెక్క వేరు. నీళ్లు ఎంత తక్కువ వేడిలో ఉంటే అది అంత పొదుపుగా పనిచేస్తుంది. రాత్రంతా ఆపేసి పొద్దున్నే ఒక్కసారిగా వేడెక్కించమంటే ఆ పొదుపు పోతుంది. రాత్రికి రెండు డిగ్రీలు తగ్గిస్తే చాలు.

పెద్ద భవనాల్లో నేను చూసేది వింటే మీకు బాధేస్తుంది. ఒక ఆఫీసులో చలికాలం బిల్లు ఎందుకంత వస్తోందో చూడమని పిలిచారు. కంప్యూటర్లో అంతా బాగానే కనిపిస్తోంది. నిచ్చెన వేసుకుని సీలింగ్ పలక తీసి రెండు పైపుల మీద చేతులు పెట్టాను. ఒక చేతికి వేడి, ఒక చేతికి చలి. ఒకే గదికి హీటింగ్ వాల్వ్, కూలింగ్ వాల్వ్ రెండూ తెరిచి ఉన్నాయి. గది సెన్సార్ ఫొటోకాపీ మెషీన్ పక్కన గోడకుంది. మెషీన్ నడిచినప్పుడల్లా గది ఉడికిపోతోందని దానికి అనిపిస్తుంది. కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి వణుకుతూ హీటర్ పెంచుతుంది. సెన్సార్‌ని నాలుగు మీటర్లు జరిపి, ప్రోగ్రామ్‌లో హీటింగ్ ఆగే డిగ్రీకీ కూలింగ్ మొదలయ్యే డిగ్రీకీ మధ్య కాస్త ఎడం పెట్టాం. ఒక పూట పని. ఎన్ని చలికాలాలు అలా నడిచిందో అక్కడ ఎవరికీ తెలియదు.

డబ్బు లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. గ్యాస్, కరెంటు రేట్లకు నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టే పరిమితి ప్రకారం మామూలు ఇంటి బిల్లు 2021 అక్టోబర్‌లో ఏడాదికి 1,277 పౌండ్లుండేది, ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం ఆదుకున్నా 2,500 అయింది. ఆ శీతాకాలం మీరంతా ఇక్కడే గడిపారు. పొగ లెక్క చెబుతాను. 2023 అక్టోబర్ నాటి ఆఫ్‌జెమ్ లెక్కలో మామూలు ఇల్లు ఏడాదికి 11,500 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) గ్యాస్ వాడేది. యూనిట్‌కి సుమారు 180 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. అంటే ఒక్క ఇంటి నుంచి ఏటా రెండు టన్నుల పైమాటే. అందులో పదో వంతు తగ్గినా రెండు వందల కిలోలు.

టీ అయ్యాక బాయిలర్ ముందు భాగం ఫొటో తెచ్చినవాళ్లు నా దగ్గరికి రండి, మీ మోడల్‌లో సెట్టింగ్ ఎక్కడుందో చూపిస్తాను. ఈ హాలు కేర్‌టేకర్ గారిని అడిగి బాయిలర్ గది తాళంచెవి తీసుకున్నాను, ఫ్లో టెంపరేచర్ ఎంతుందో చూడడానికి ఆయన కూడా వస్తున్నారు. గది వెనకవైపుంది, చూడాలనుకున్నవాళ్లు కోట్లు వేసుకుని నాతో రండి. ఆ కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు, దయచేసి దాన్ని మూసేయండి.