టైర్ మార్చే కిట్ రివ్యూ: అంతా బాగుంది, ఆ మూడు ప్లాస్టిక్ ముక్కలే నా ప్రాణం తీశాయి

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఇంట్లోనే బైక్ టైర్ మార్చుకునే ఈ కిట్ నేను కొన్నది కాదు. కంపెనీవాళ్లు ఊరికే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు కానీ డబ్బాలో ఒక కాగితం పెట్టారు, "వీడియోలో ఇవి తప్పకుండా చెప్పండి" అని ఆరు పాయింట్లు. అందులో మూడోది: "రిమ్ము మీద ఒక్క గీత కూడా పడదు." ఆ కాగితాన్ని ఇదిగో, ఇక్కడ గోడకి అంటిస్తున్నా. దీంతో మనకి తర్వాత పనుంది. డబ్బా మీద పేరుకి టేపు వేశాను, ఎందుకో మీకే అర్థమవుతుంది.

డబ్బాలో ఏమున్నాయో మీరు ఈపాటికి చూసేసే ఉంటారు. టైర్‌ని రిమ్ము మీంచి ఎత్తే ఉక్కు కడ్డీలు, అంటే టైర్ లివర్లు, మూడు; టైర్ అంచుని (దాన్నే బీడ్ అంటారు) రిమ్ము నుంచి ఊడదీసే బీడ్ బ్రేకర్ క్లాంపు ఒకటి; వాల్వ్ పిన్ను తీసే చిన్న పుల్ల; రిమ్ముకి గీతలు పడకుండా తొడిగే ప్లాస్టిక్ రిమ్ గార్డులు మూడు. లివర్ పొడవెంత, ఏ ఉక్కు, బరువెంత, అవన్నీ చదివి వినిపించి మీ టైమ్ తినను. నేను దీంతో రెండు టైర్లు విప్పి రెండు ఎక్కించాను. ఆ కథ చెప్తా.

అసలు నేనెందుకు ఇంట్లో టైర్లు మార్చుకోవడం మొదలుపెట్టానంటే, పిసినారితనం. దాచుకోవడానికేముంది! టైర్ ఆన్‌లైన్‌లో తక్కువకి దొరికింది కదా అని తెప్పించుకుని షాపుకి తీసుకెళ్తే, "మా దగ్గర కొన్న టైరే ఎక్కిస్తామండీ" అన్నారు. ఇంకో చోట ఎక్కిస్తామన్నారు కానీ కూలి చెప్పేసరికి నేను మిగుల్చుకున్నదంతా అక్కడే పోయింది. కాబట్టి మీరు టైర్ కొనేముందే, ఎక్కించేవాళ్లని ఒక మాట అడగండి. "బండి తేను, చక్రం విప్పి ఒట్టి చక్రమే తెస్తాను, ఎంత తీసుకుంటారు?" అని. చాలామంది దానికి తగ్గించి చెప్తారు. వాళ్లకి కూడా పని తక్కువ కదా మరి.

ఇంకో సంగతి, తక్కువ ధరకి టైర్ అనగానే ఎగబడకండి. టైర్ పక్కగోడ మీద DOT (డాట్) అని ఉంటుంది, ఆ వరస చివర నాలుగంకెలు. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా... 3223. అంటే 2023లో 32వ వారం తయారైంది. అక్కడ మూడే అంకెలుంటే అది 2000కి ముందుదని అర్థం, మ్యూజియంకి ఇచ్చేయండి. నేనొకసారి సగం ధరకి వచ్చిందని ఆరేళ్ల టైర్ కొన్నాను. చూడ్డానికి కొత్త పెళ్లికొడుకులా ఉంది, గోరుతో నొక్కితే మాత్రం చెక్కలా ఉంది. మొదటి వానకే, రోడ్డు మీద తెల్ల గీత దాటుతుంటే వెనక చక్రం పక్కకి జరిగింది. పడలేదు. కానీ ఆ టైర్‌ని మళ్లీ నమ్మలేకపోయాను, గ్రిప్పు అరక్కుండానే తీసి పారేశాను. చవకగా కొని రెండోసారి కొన్నాను. తయారై ఏడాది, రెండేళ్లయి, నీడలో దాచిన టైరైతే నేను కళ్లుమూసుకుని కొంటాను. అంతకు మించితే ఎంత తగ్గించినా వద్దు, అది నా పట్టింపు.

సైజు కూడా. నాది 140/70-17. "150 వేస్తే బండి మంచి పోజుగా ఉంటుంది" అని కామెంట్లలో అడుగుతూనే ఉంటారు. 140 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, అందులో 70 శాతం అంటే టైరు పక్కగోడ ఎత్తు 98 మిల్లీమీటర్లు. 150లో అదే 70 శాతం 105. అటు 7, ఇటు 7, చక్రం మొత్తం మీద 14 మిల్లీమీటర్లు పెరిగిపోతుంది. మడ్‌గార్డుకి రాసుకోవచ్చు, చైన్ కవర్‌కి రాసుకోవచ్చు. పైగా రిమ్ము వెడల్పు అదే కాబట్టి టైరు అంచులు దగ్గరికి నొక్కుకుపోయి నడిమధ్య ఉబ్బుతుంది. పోజు కోసం మలుపుల్లో పట్టు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. మాన్యువల్లో ఏది రాసుంటే అదే. దాని పక్కన 66ఎస్ లాంటిది కూడా ఉంటుంది, 66 అంటే 300 కిలోలు మోస్తుంది, ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం దాకా. అవి తగ్గకుండా చూసుకోండి చాలు.

సరే, కిట్‌లోకి వద్దాం.

ముందు పొగుడుతాను. ఈ బీడ్ బ్రేకర్ ఉంది చూశారూ... దీనికి దండం పెట్టాలి. ట్యూబ్‌లెస్ టైర్ గాలి తీసేసినా రిమ్ముని వదలదు, అంచు అలా అతుక్కుపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ నేనేం చేసేవాణ్ణంటే, చక్రాన్ని నేలమీద పడుకోబెట్టి, ఇంకో బండి సైడ్ స్టాండు పాదాన్ని రిమ్ము పక్కనే టైర్ మీద ఆనించి, ఆ బండిని దాని మీదికి వాల్చేవాణ్ణి. పని జరుగుతుంది. కానీ ఒకరు బండి పట్టుకోవాలి, ఒకరు చక్రం పట్టుకోవాలి, ఒకరు "జాగ్రత్త జాగ్రత్త" అని అరవాలి. కింద బ్రేకు డిస్కు ఉందన్న సంగతి మర్చిపోతే అది వంగుతుంది కూడా. ఈ క్లాంపుకి ఆ గోలేమీ లేదు. రెండు కొక్కాలు రిమ్ముకి తగిలించి, పైన బోల్టుని పానాతో తిప్పుకుంటూ పోవడమే. పదో పన్నెండో చుట్లు తిప్పాక "టప్" అంది. ఆ శబ్దం మీకు వినిపించాలని మైకు దగ్గర పెట్టి రికార్డు చేశాను. వినండి... అబ్బా!

లివర్లు కూడా బాగున్నాయి. కొస గరిటెలా వంగి, అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. నేను మొట్టమొదట టైర్ మార్చింది రెండు పెద్ద స్క్రూడ్రైవర్లతో. నవ్వకండి. అది ట్యూబ్ టైర్. ఒక పంక్చర్ వేయబోయి మూడు కొత్త పంక్చర్లు చేశాను. ట్యూబ్ బండి ఉన్నవాళ్లకి ఒక మాట, లోపల పెట్టేముందు ట్యూబ్‌కి కాస్త గాలి కొట్టండి, దాని ఆకారం దానికి వచ్చేంత. మడత పడకుండా, లివర్ కింద నలక్కుండా ఉంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు మోచెయ్యి దాటే పొడుగు లివర్లు వాడాను. బలం ఎక్కువొస్తుంది కదా అని. ఆ బలంతోనే ఒక కొత్త టైర్ అంచు చింపేశాను. అప్పుడర్థమైంది, టైర్ ఎక్కడం లేదంటే మన బలం చాలక కాదు, అవతలి వైపు పని సరిగ్గా చేయక.

ఇది కాసేపు చూపిస్తాను, ఎందుకంటే కిట్ మాన్యువల్లో ఇది ఒక్క లైను కూడా లేదు. టైర్ అంచులో ఉక్కు తీగ ఉంటుంది, అది సాగదు. రిమ్ము బయటి అంచు కంటే దాని చుట్టుకొలత చిన్నది. మరి ఎలా దాటుతుంది? రిమ్ము నడిమధ్య చూడండి, లోతుగా ఒక గాడి ఉంది. మీరు లివర్ పెట్టిన చోటుకి సరిగ్గా ఎదురువైపు, టైర్ అంచుని ఆ గాడిలోకి మోకాళ్లతో తొక్కిపట్టాలి. అటు కిందికి దిగితే ఇటు వదులొస్తుంది. దిండుకి గలేబు తొడిగేటప్పుడు దిండుని ఒక మూలలోకి కుక్కుతాం చూడండి, ఇవతలి మూల పట్టాలని, అంతే ఇది. సబ్బు నీళ్లు ధారాళంగా రాయండి. గ్రీజు, ఇంజన్ ఆయిలు, పెట్రోలు మాత్రం వద్దు. టైర్ కాసేపు ఎండలో పెడితే ఇంకా మెత్తబడుతుంది. మోకాలు సరిగ్గా పడితే ఆఖరి జానెడు రెండు వేళ్లతో లివర్ నొక్కితే ఎక్కిపోతుంది. ఎక్కలేదా, ఆపండి. మోకాలు జారి ఉంటుంది, చూసుకోండి.

ఇప్పుడు గోడ మీద కాగితం. పాయింటు నంబర్ మూడు.

రిమ్ గార్డులు. (గార్డు కెమెరాకి ఆనించి) ఇంత మందం! దళసరి ప్లాస్టిక్. రిమ్ము అంచుకి తొడిగి దాని మీద లివర్ వేయాలి. వాళ్ల ఆలోచన బాగానే ఉంది. కానీ ఇది రిమ్ముని పట్టుకోదు, లివర్‌ని పట్టుకోదు. లివర్ కాస్త పక్కకి జరిపితే ఇది "టక్" మని ఎగిరి ఎక్కడో పడుతుంది. ఒకసారి కూలర్ కింద, ఒకసారి మా కుక్క గిన్నెలో. పైగా ఇది మందంగా ఉండటంవల్ల లివర్ కొస టైర్ కిందికి సరిగ్గా దూరదు, ఇంకాస్త పైకెత్తాల్సొస్తుంది. పైకెత్తితే మళ్లీ ఎగురుతుంది. మొదటి టైర్‌కి నలభై నిమిషాలు పట్టింది, అందులో పాతిక నిమిషాలు దీన్ని వెతకడానికే.

అసలు ఘట్టం రెండో టైర్ దగ్గర. కొత్త టైర్ ఎక్కేసింది. చెమట తుడుచుకుని సామాన్లు సర్దుతున్నాను. లివర్లు మూడు, క్లాంపు, పుల్ల, గార్డులు... రెండు. కూలర్ కింద చూశాను. కుక్క గిన్నె చూశాను. కుక్కని కూడా అనుమానించాను. చివరికి ఎందుకో చక్రం ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని తిప్పాను.

గడ... గడ... గడ.

లోపలుంది. టైర్ లోపల! ఆఖరి జానెడు ఎక్కేటప్పుడు లివర్‌తో పాటు జారి లోపలికి వెళ్లిపోయింది, నేను చూసుకోలేదు. ఎక్కించిన టైర్ మళ్లీ విప్పాను. విప్పేటప్పుడు గార్డు లేకుండా ఒట్టి లివరే వేశాను, ఎందుకంటే అప్పటికి నాకు గార్డు మొహం చూడబుద్ధి కాలేదు. ఇదిగో గీత. కనపడిందా? వేలి గోరంత. "ఒక్క గీత కూడా పడదు" అన్న వస్తువు వల్లే పడిన గీత.

దీని బదులు ఏం చేశానో చూడండి. ఖాళీ ఇంజన్ ఆయిల్ డబ్బాని కడిగి, పక్క గోడలోంచి అరచేయంత ముక్కలు కోశాను. సన్నగా ఉంది, వంగుతుంది, లివర్ దూరుతుంది. ఒక చివర చిల్లు పెట్టి తాడు కట్టాను, తాడు రెండో కొస చక్రం ఆకుకి కట్టేశాను. ఎగరదు, లోపల పడదు. నాకు పైసా ఖర్చు కాలేదు. అంత కిట్ తయారుచేసిన కంపెనీకి ఆ చిల్లు ఆలోచన రాలేదు!

మిగతావి గబగబా. టైర్ మీద బాణం గుర్తు తిరిగే వైపుకే ఉందా చూడండి, నేను ఒకసారి తిరగేసి ఎక్కించినవాణ్ణే. పసుపు చుక్క ఉంటే అది టైర్‌లో తేలికైన చోటు, దాన్ని వాల్వ్ దగ్గరికి తెచ్చుకోండి. ట్యూబ్‌లెస్‌కి రబ్బరు వాల్వ్ కూడా అప్పుడే కొత్తది వేసేయండి. గాలి విషయంలో మాత్రం నేను మొండికి పోను, కాలి పంపుతో టైర్ అంచు రిమ్ములో కూర్చోదు. చక్రం పట్టుకుని కంప్రెసర్ ఉన్న షాపుకి వెళ్తాను. వాల్వ్ పిన్ను తీసేసి కొడితే గాలి ఒక్కసారిగా దూరి రెండు వైపులా "టప్ టప్" మని కూర్చుంటుంది. పక్కగోడ మీద రాసిన గరిష్ఠం దాటనివ్వకండి. స్ప్రే కొట్టి నిప్పంటించి అంచు కూర్చోబెట్టే వీడియోలు చూసి ఆ వేషాలు మాత్రం వేయకండి.

చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు నొక్కకండి, ప్యాడ్లు బయటికొచ్చి డిస్కు మళ్లీ దూరదు. చక్రానికి అటూ ఇటూ ఇరుసు మీద ఉండే బుష్‌లు ఏది ఎటుదో ఫోటో తీసుకోండి. బిగించాక కదిలేముందు బ్రేకు నాలుగుసార్లు తొక్కండి. నేను ఒకసారి తొక్కకుండా బయల్దేరితే పెడల్ నేరుగా కిందికెళ్లింది, మా గేటే నన్ను ఆపింది. కొత్త టైర్ నున్నగా జారుతుంది, మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో వేషాలొద్దు.

కొనాలా వద్దా? నా లెక్కలో నాలుగో టైర్‌కి కిట్ డబ్బులు వెనక్కొస్తాయి. ఏడాదికో టైర్ మార్చేవాళ్లయితే ఇది మీకు కాదు, చక్రం విప్పడం ఒక్కటి నేర్చుకుని షాపుకి మోసుకెళ్లండి, సగం మిగులుతుంది. ఎక్కువ తిరిగేవాళ్లు, ఇంట్లో రెండు మూడు బళ్లున్నవాళ్లు బీడ్ బ్రేకర్ విడిగా, లివర్లు విడిగా కొనుక్కోండి. నిజానికి ఈ కిట్‌లో ఆ రెండూ చాలా బాగున్నాయి, పదికి తొమ్మిది ఇవ్వాల్సినవే. కానీ ఆ గడగడ నా చెవిలోంచి ఇంకా పోలేదు. పదికి అయిదు. అన్యాయమే, తెలుసు. మార్చను.

కంపెనీకి మెయిల్ పెట్టాను, గార్డుకి చిల్లు పెట్టండి, తాడు ఇవ్వండి అని. జవాబొచ్చింది: "మీ సూచనకి ధన్యవాదాలు, వీడియోలో మూడో పాయింటు మర్చిపోకండి." మర్చిపోలేదండీ, గోడ మీదే ఉంది.