తవ్వకాల మనిషి, ఏజెంట్ నంబర్ 53

వ్యాఖ్యాత: నమస్కారం. మాయా నాగరికత అనగానే మెక్సికోలోని చిచెన్ ఇట్సా పిరమిడ్ గుర్తొస్తుంది. 1924 నుంచి అక్కడ అమెరికా పరిశోధనా సంస్థ కార్నెగీ తరఫున తవ్వకాలు నడిపించిన అమెరికా పురావస్తు శాస్త్రవేత్త సిల్వానస్ మోర్లీ గురించి ఈ రోజు చర్చ. మేడమ్, ఆయన పండితుడా, గూఢచారా?

అధ్యాపకురాలు: రెండూనండీ, అదే తంటా. పాండిత్యం ఉత్తదైతే ఒక్కమాటలో తేల్చేసేవాళ్లం. 1916లో గ్వాటెమాల అడవిలో ఓ శిథిల నగరాన్ని వెలుగులోకి తెచ్చి 'వషాక్తున్' అని పేరు పెట్టారు. 'ఎనిమిది', 'రాయి' అనే మాయా మాటలు కలిపిన పేరది. అక్కడి శిలాఫలకం మీది తేదీ ఎనిమిదో బక్తూన్‌ది. బక్తూన్ అంటే మాయా కాలగణనలో దాదాపు 394 ఏళ్ల కాలం. మరుసటి ఏడాదే అమెరికా నౌకాదళ నిఘా విభాగంలో చేరారు.

పాత్రికేయుడు: ఏజెంట్ నంబర్ 53! శాసనాల కోసమని చెప్పి మధ్య అమెరికా తీరమంతా తిరిగారు. అసలు వెతికింది జర్మన్ జలాంతర్గాముల స్థావరాల కోసం. వెంట వెళ్లిన చిత్రకారుడు జాన్ హెల్డ్ కూడా ఏజెంటే.

వ్యాఖ్యాత: మొదటి ప్రపంచ యుద్ధకాలం కదా సార్, దేశం కోసం చేశారు. తప్పేముంది?

అధ్యాపకురాలు: నేను చెప్తాను. వషాక్తున్ నుంచి తిరిగొస్తుంటే గ్వాటెమాల సైనికులు మోర్లీ బృందాన్ని తిరుగుబాటుదారులనుకుని కాల్చారు. బృందంలోని డాక్టర్ చనిపోయాడు. అప్పటికి మోర్లీ ఇంకా ఏజెంట్ కాదు, వట్టి అనుమానానికే ఓ ప్రాణం పోయింది. అలాంటి అనుమానాన్ని తర్వాత ఆయనే నిజం చేశారు. ఇక ఆ ఊళ్లకు టేపు, నోట్‌బుక్ పట్టుకుని వెళ్లే కుర్రాడు 'నేను రాళ్లు కొలవడానికొచ్చా' అంటే ఎవరు నమ్ముతారండీ?

పాత్రికేయుడు: ఈ మాటే మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ ఓ లేఖలో రాశారు, నలుగురు గూఢచర్యం చేశారంటూ, ఎవరి పేరూ ఎత్తకుండా. 1919 డిసెంబరులో అది 'ది నేషన్' పత్రికలో అచ్చయింది. పది రోజులకే అమెరికన్ మానవశాస్త్ర సంఘం 20-10 ఓట్లతో ఆయన్నే అభిశంసించింది. దొంగను చూపించినవాడికి శిక్ష! అభిశంసనకు అనుకూలంగా ఓటేసినవాళ్లలో మోర్లీ కూడా ఉన్నారు.

వ్యాఖ్యాత: అయ్యో! ఒక్కరూ తప్పనుకోలేదా?

పాత్రికేయుడు: బోయాస్ చెప్పిన ఆ నలుగురిలో ఒకరైన జాన్ మేసన్ అలా ఓటెయ్యలేదు. దేశభక్తితో చేశానంటూ, మన్నించమన్న ధోరణిలో తర్వాత బోయాస్‌కు ఉత్తరం రాశారు.

అధ్యాపకురాలు: మోర్లీకి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. ఐదేళ్లకల్లా చిచెన్ ఇట్సా పనుల్లో పడ్డారు.

వ్యాఖ్యాత: మరి ఆ అభిశంసన?

పాత్రికేయుడు: 2005లో రద్దు చేశారండీ. బోయాస్ 1942లోనే పోయారు.