ఎదురు స్పందించే పదార్థం: బయో ఇంజినీరింగ్‌కు తొలి ప్రసంగం

మీలో మెకానికల్ వాళ్లున్నారు, ఎలక్ట్రానిక్స్ వాళ్లున్నారు, కెమికల్ వాళ్లున్నారు. ముందుగా అందరికీ ఒక మాట. బయో ఇంజినీరింగ్ కోసం మీరు కొత్తగా నేర్వాల్సిన సూత్రాలు చాలా తక్కువ. హుక్ నియమం, ఓమ్ నియమం, ఫిక్ వ్యాపన నియమం ఇక్కడా అవే. మారేది పదార్థం. ఉక్కు దూలం మీద బరువు పెడితే వంగుతుంది, తీసేస్తే యథాస్థితికి వస్తుంది. తన మీద బరువు పడిందని మందం పెంచుకోదు. ఎముక పెంచుకుంటుంది. బరువు తగ్గితే పలచబడుతుంది కూడా. జర్మన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లోనే ఈ సంగతి రాశాడు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క తేడా చుట్టూ తిరుగుతుంది.

తుంటి కీలు మార్పిడిని తీసుకుందాం. అరిగిపోయిన కీలు తలను కోసేసి, తొడ ఎముక బోలులోకి ఒక లోహపు కాడను దించుతారు. గట్టి ఎముక యంగ్స్ మాడ్యులస్, అంటే బరువుకు సాగకుండా నిలిచే బిగుతు, దాదాపు 20 గిగాపాస్కల్స్. స్టెయిన్‌లెస్ స్టీలుది 200 దరిదాపు, టైటానియం మిశ్రమానిది 110. పక్కపక్కన ఉండి ఒకే బరువు మోసే రెండు కడ్డీలు దాన్ని ఎలా పంచుకుంటాయో మీరు మొదటి ఏడాదిలోనే లెక్క కట్టారు: మాడ్యులస్‌ను మధ్యచ్ఛేద వైశాల్యంతో గుణిస్తే వచ్చే అంకెల నిష్పత్తిలో. కాడ వైశాల్యం ఎముక వైశాల్యంలో సగం అనుకోండి. స్టీలు వాటా 100, ఎముక వాటా 20. అంటే మొత్తం బరువులో ఎముక మోసేది ఆరో వంతు. టైటానియం వాడితే 75లో 20, అంటే 27 శాతం. నిజమైన తొడ ఎముకలో వంపు బలాలు కూడా ఉంటాయి, లెక్క ఇంత సులువు కాదు. కానీ దిశ ఇదే.

ఇక్కడ స్ట్రక్చరల్ ఇంజినీరు ‘బాగుంది, కాడే బరువంతా మోస్తోంది, ఎముక భద్రం’ అంటాడు. ఎముక అలా అనుకోదు. తనకు పని లేదు కాబట్టి ఏళ్ల తరబడి పలచబడుతూ పోతుంది, చివరికి కాడకు పట్టు సడలుతుంది. దీన్నే స్ట్రెస్ షీల్డింగ్ అంటారు. అందుకే ఇక్కడ అన్నిటికన్నా గట్టి లోహం అన్నిటికన్నా మంచి లోహం కాదు. అలాగని మరీ మెత్తటి కాడ పెడితే బరువు పడినప్పుడల్లా ఎముకకూ కాడకూ మధ్య కదలిక పెరిగి, ఎముక దాన్ని అంటుకుని పెరగదు. డిజైనరు పని ఈ రెండిటి మధ్య చోటు వెతకడం.

అదే కీలులో రెండో పాఠం ఉంది. నేటి తుంటి మార్పిడికి బాట వేసిన జాన్ చార్న్‌లీ మొదట, కీలు తల కూర్చునే గిన్నె భాగానికి టెఫ్లాన్ వాడాడు. ఘర్షణ గుణకం చాలా తక్కువ గదా, తర్కం సరైనదే. కానీ ఘర్షణ తక్కువ కావడం వేరు, అరుగుదల తక్కువ కావడం వేరు. టెఫ్లాన్ వేగంగా అరిగింది, రాలిన పొడికి చుట్టూ ఉన్న కణజాలం వాచింది. 1962లో ఆయన అతి అధిక అణుభారం గల పాలిథిలీన్‌కు మారాడు. అది నిలిచింది.

నిలిచింది అంటే అరగదని కాదు. అడుగు వేసినప్పుడు తుంటి మీద శరీర బరువుకు రెండున్నర, మూడు రెట్లు పడుతుంది. పరీక్షా యంత్రాల మీద పది లక్షల ఆవృత్తులను సుమారు ఏడాది నడకగా లెక్కేస్తారు. ప్రతి అడుగుకూ మైక్రాన్ కన్నా చిన్న రేణువులు రాలుతాయి. శరీర రక్షణ వ్యవస్థలోని మాక్రోఫేజ్ కణాలు వాటిని మింగుతాయి, అరిగించుకోలేవు. ఆ క్రమంలో అవి విడిచే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను పురిగొల్పుతాయి. అంటే కాడ వదులు కావడానికి కారణం లోహం విరగడమో ప్లాస్టిక్ చిట్లడమో కానక్కరలేదు. శరీరం ఆ పొడి మీద చేసే యుద్ధంలో సొంత ఎముకే పోతుంది. ఏ మెటీరియల్ హ్యాండ్‌బుక్‌లోనూ ఈ ధర్మానికి గడి ఉండదు.

ఈ పాలిథిలీన్ కథలో స్టెరిలైజేషన్ కూడా ఒక పాత్రే. చాలాకాలం ఈ గిన్నెలను గాలి ఉన్న ప్యాకెట్లలో గామా కిరణాలతో, సాధారణంగా 25 కిలోగ్రేల మోతాదుతో, శుద్ధి చేసేవారు. కిరణాలు పాలిమర్ గొలుసులను తెంచుతాయి, తెగిన కొసలు ఆక్సిజన్‌తో కలుస్తాయి, గిన్నె పెట్టెలో ఉండగానే పెళుసెక్కుతుంది. తర్వాత ఆక్సిజన్ లేని ప్యాకింగుకు మారారు. విద్యార్థి ప్రాజెక్టుల్లో ఇదే తప్పు వేరే రూపంలో కనిపిస్తుంది: పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేసిన పరికరం చక్కగా కుదురుతుంది, ఆవిరితో శుద్ధి చేసే 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో పెడితే మెత్తబడి వంకర పోతుంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది మరి. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడొచ్చు, అయితే పదార్థంలో మిగిలిపోయిన విష వాయువు బయటికి పోయేదాకా గాలి ఆడించాలి. కాబట్టి ఎలా శుద్ధి చేస్తారన్నది చివర్లో తేల్చుకునే విషయం కాదు. పదార్థం ఎంచుకునే రోజే తేల్చాలి.

కెమికల్ వాళ్లకు డయాలిసిస్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. విలెమ్ కోల్ఫ్ 1943లో, యుద్ధకాలపు నెదర్లాండ్స్‌లో, సాసేజ్ తొడుగులకు వాడే సెలోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకు చుట్టి తొలి యంత్రం నడిపాడు. రక్తాన్ని వడకట్టే భాగమైన డయలైజర్ నేడు మీ చేతిలో పట్టేంత ప్లాస్టిక్ గొట్టం. లోపల దాదాపు 10,000 బోలు తంతువులు, ఒక్కోదాని లోపలి వ్యాసం 200 మైక్రాన్లు. పొడవు 25 సెంటీమీటర్లు అనుకుని లెక్కేయండి, ఒకటిన్నర చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. తంతువుల లోపల రక్తం నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున, బయట డయాలిసిస్ ద్రవం 500 మిల్లీలీటర్ల చొప్పున ఎదురెదురుగా ప్రవహిస్తాయి. ఎదురు ప్రవాహం ఎందుకో హీట్ ఎక్స్‌చేంజర్ చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. వ్యర్థమైన యూరియా అణుభారం 60, తంతువు గోడగా ఉన్న పొరను దాటిపోతుంది. రక్తంలోని ప్రోటీన్ అల్బుమిన్‌ది 66,000, ఆగిపోతుంది.

ఒక విడత డయాలిసిస్ నాలుగు గంటలకు ఎంత ద్రవం అయింది? 120 లీటర్లు. ఒక మనిషి రక్తం పల్చటి పొరకు అవతల 120 లీటర్ల నీటిని తాకుతోంది. తాగడానికి పనికొచ్చే నీరు ఇక్కడ పనికిరాదు. నీటి శుద్ధికి వాడే క్లోరమైన్ మిగిలితే ఎర్రకణాలు పగులుతాయి. అల్యూమినియం పేరుకుంటే ఎముకలూ మెదడూ దెబ్బతింటాయి. అందుకే డయాలిసిస్ యూనిట్‌లో యంత్రాలతో సమానంగా పట్టించుకోవాల్సింది వెనక గదిలోని కార్బన్ ట్యాంకులనూ ఆర్వో ప్లాంటునూ.

మరో ప్రశ్న ఎప్పుడూ వస్తుంది: ఇంకా పెద్ద డయలైజర్ పెట్టి గంటలో ముగించకూడదా? పొర వైపు నుంచి చూస్తే చాలావరకు సాధ్యమే. రోగి వైపు నుంచి కాదు. యూరియా ఒక్క రక్తంలోనే కాదు, కణాల్లోపల కూడా ఉంది. రక్తాన్ని ఉన్నట్టుండి శుభ్రం చేస్తే మెదడు కణాల్లో యూరియా వెనకబడుతుంది, ఆ తేడాకు నీరు కణాల్లోకి చొరబడుతుంది, మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతులు, తీవ్రమైతే మూర్ఛలు. మీ ప్రక్రియ వేగాన్ని నిర్ణయించేది మీ పరికరం కాదన్నమాట.

ఇక ఎలక్ట్రానిక్స్. వచ్చే వారం ల్యాబ్‌లో మీరు కట్టేది ఈసీజీ యాంప్లిఫయర్, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

చర్మం మీద దొరికే గుండె సంకేతం దాదాపు 1 మిల్లీవోల్ట్. 1000 రెట్లు పెంచితే ఒక వోల్ట్ అవుతుంది, అంతేగా అని రెండు తీగల మధ్య తేడాను పెంచే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ గెయిన్‌ను, అంటే పెంపును, నేరుగా 1000 పెడతారు. ఔట్‌పుట్ వెళ్లి సప్లై వోల్టేజీకి అతుక్కుని కూర్చుంటుంది. కారణం ఎలక్ట్రోడ్. వెండి, సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ జెల్‌ను తాకిన చోట సుమారు 0.22 వోల్ట్ పుడుతుంది, అదొక చిన్న బ్యాటరీ. రెండు ఎలక్ట్రోడ్లూ అచ్చం ఒకేలా ఉంటే రద్దవుతాయి, ఎప్పుడూ అలా ఉండవు. తేడా 300 మిల్లీవోల్ట్‌ల దాకా ఉండొచ్చని లెక్కలో పెట్టుకుని డిజైన్ చేస్తారు. దాన్ని 1000 రెట్లు చేస్తే 300 వోల్ట్‌లు!

అందుకే మొదటి దశలో 10 రెట్లే. ఏడీ620 అనే యాంప్లిఫయర్ ఐసీ వాడితే 5.49 కిలో ఓమ్‌ల రెసిస్టర్ చాలు. తర్వాత, ఆ ఎలక్ట్రోడ్ వోల్టేజీని ఆపే హై పాస్ ఫిల్టర్: 1 మైక్రోఫారడ్, 3.3 మెగా ఓమ్‌లు, కటాఫ్ 0.05 హెర్ట్జ్ దగ్గరకు వస్తుంది. ఇక్కడ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పెట్టకండి. దాని లీకేజీ ఒక మైక్రోఆంపియర్ ఉన్నా ఆ రెసిస్టర్ మీద 3.3 వోల్ట్‌లు తేలతాయి. ఫిల్మ్ కెపాసిటరే పెట్టాలి. ఆ తర్వాత 100 రెట్లు, చివర్లో 150 హెర్ట్జ్ లో పాస్.

ఈసీజీ గీత మెల్లగా పైకీ కిందికీ తేలుతుంటే హై పాస్ కటాఫ్‌ను 0.5 హెర్ట్జ్‌కు పెంచుదామనిపిస్తుంది. గీత నిలకడగా వస్తుంది, కానీ మామూలు ఆర్‌సీ ఫిల్టర్‌తో, గీతలో పెద్ద ముల్లు తర్వాత వచ్చే ఎస్‌టీ భాగం వంగిపోతుంది. గుండెపోటును వైద్యులు వెతికేది సరిగ్గా అక్కడే. మెయిన్స్ హమ్, అంటే కరెంటు సరఫరా నుంచి దూరే రొద, వస్తే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసే నాచ్ ఫిల్టర్‌ను ఆఖరి మందుగా ఉంచండి. ముందు ఎలక్ట్రోడ్ కింద చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి కాస్త రుద్దండి, తీగలు మెలిపెట్టండి. ఎలక్ట్రోడ్ల నిరోధాలు సమంగా లేకపోతే డేటాషీట్‌లో ఉన్న సీఎంఆర్ఆర్, అంటే రెండు తీగల్లో ఒకేలా వచ్చే రొదను కొట్టేసే శక్తి, మిమ్మల్ని కాపాడదు.

ఆ రొదను తగ్గించడానికి కుడికాలికి కలిపే డ్రైవ్ తీగకు వరుసగా 1 మెగా ఓమ్ పెట్టండి. రెండు 9 వోల్ట్‌ల బ్యాటరీలతో నడిపినప్పుడు, ఆ తీగను నడిపే ఆప్ యాంప్ పూర్తిగా సంతృప్తం చెందినా 9 మైక్రోఆంపియర్లు మించవు. రెండు ఇన్‌పుట్ తీగలకూ చెరో 220 కిలో ఓమ్‌లు: ఐసీ లోపల షార్ట్ అయినా 41 మైక్రోఆంపియర్లే. వైద్య విద్యుత్ పరికరాల భద్రతకు ఉన్న ఐఈసీ 60601 ప్రమాణం శరీరంలోకి నేరు విద్యుత్తును (డీసీ) మామూలుగా 10, ఒక లోపం తలెత్తితే 50 మైక్రోఆంపియర్ల వరకే ఒప్పుకుంటుంది. ల్యాప్‌టాప్‌కు కలిపి చూసేవాళ్లు మెయిన్స్ కరెంటుతో సంబంధం తెగేలా చార్జరు ఊడదీయాలి, ఓసిల్లోస్కోప్ అయితే బ్యాటరీతో నడిచేదే వాడాలి. మనిషికి తగిలించే ముందు రెసిస్టర్ల విలువలను మీటరుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసి చూపించండి. రంగు పట్టీలు చదివి రాసిన విలువలు తీసుకోను.