మంచు పడుతున్నా మామీ నదిలో వాల్‌ఐ చేపలు పట్టడం ఎలా?

అందరికీ నమస్కారం. మార్చి వచ్చిందంటే డెట్రాయిట్, టొలీడో, కొలంబస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, బయట మంచు పడుతోంది, ఈ శనివారం మామీకి వెళ్లొచ్చా?" అందరూ ఫోన్‌లో వెదర్ యాప్ చూసే అడుగుతారు. ఆ యాప్ మీరు ఏ బట్టలు వేసుకోవాలో చెబుతుంది, అంతే. చేప వస్తుందా రాదా అన్నది నీళ్లే చెప్పాలి.

ముందు చేప సంగతి చూద్దాం. ఈరీ సరస్సులో ఉండే వాల్‌ఐలు మార్చి, ఏప్రిల్ నెలల్లో గుడ్లు పెట్టడానికి ఒహాయోలోని మామీ నదిలోకి ఎదురెక్కుతాయి, మన పులస సముద్రంలోంచి గోదావరికి ఎక్కినట్టే. పెర్రీస్‌బర్గ్, మామీ ఊళ్ల దగ్గర నది అడుగంతా రాళ్లు, గులకరాళ్లు, పైన వడిగా పారే నీళ్లు. వాల్‌ఐ గూడు కట్టదు, గుడ్లకు కాపలా కాయదు, ఆ రాళ్ల మీద వదిలేసి వెళ్లిపోతుంది, కాబట్టి గుడ్లకు ఆక్సిజన్ అందేలా నీళ్లు కదులుతూ ఉండే చోటే దానికి కావాలి. మగ చేపలు ముందే వచ్చి చాలా రోజులు ఉంటాయి. పెద్ద ఆడ చేపలు మాత్రం గుడ్లు పెట్టేసి త్వరగా సరస్సుకు తిరిగి వెళ్లిపోతాయి, అందుకే మనకు పడేవాటిలో ఎక్కువ మగవే.

నీళ్లు 42 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు ఈ పని జోరుగా సాగుతుంది. రాత్రి గాలి 25కి పడిపోయినా నది అంత త్వరగా చల్లబడదు. పొద్దున మంచు కురుస్తూ, నీళ్లు 43 ఉండి, మీ కాళ్లు కొంచెం కనిపించేంత తేటగా ఉంటే అది మంచి రోజు. మబ్బు పట్టిన ఆకాశం వాల్‌ఐకి ఇష్టం కూడా. దాని కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, మసక వెలుతురులో అది బాగా చూస్తుంది. అదే 60 డిగ్రీల ఎండ కాసిన ఆదివారం, కానీ రెండు రోజుల కింద పెద్ద వాన పడిందనుకోండి, వెళ్లకండి. మామీలోకి నీళ్లు వచ్చేది ఎక్కువగా పొలాల మీద నుంచి, ఒక్క వానకే నది ఎర్రబారి పొంగుతుంది. వాటర్‌విల్ దగ్గర యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ జియాలజికల్ సర్వే) వాళ్ల గేజ్, అంటే నీటిని కొలిచే పరికరం, ఉంది, నీటిమట్టం, ప్రవాహం ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. బయల్దేరే ముందు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చూడండి. ఆ గ్రాఫ్‌లో గీత పైకి వెళ్తుంటే ఇంట్లోనే ఉండండి, ఇందులో నేను రాజీపడను.

బట్టల గురించి రెండు మాటలు. కాటన్ బనీను, జీన్స్ వద్దే వద్దు, తడిస్తే ఒంట్లో వేడి మొత్తం లాగేస్తాయి. ఉన్ని గానీ పాలిస్టర్ గానీ పొరలు పొరలుగా వేసుకుని పైన వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని పొడవాటి ప్యాంటు) తొడుక్కోండి. వేడర్స్ బెల్ట్ బిగించి కట్టాలి, పడిపోతే లోపలికి నీళ్లు తక్కువ వెళ్తాయి. దానితో పాటు లైఫ్ జాకెట్, చేతిలో ఊతకర్ర ఉండాలి. తొడల కంటే లోతుకు దిగకండి. అడుగులు పక్కకు జరుపుతూ నడవండి, ఒక కాలు తేలికగా అనిపించినా వెనక్కి వచ్చేయండి. ఒకవేళ పడిపోతే వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకు పెట్టి తేలండి. లోతు తగ్గేదాకా నిలబడటానికి ప్రయత్నించకండి, కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మిమ్మల్ని తొక్కేస్తుంది. బ్లూగ్రాస్ ఐలాండ్ వైపు నడిచి వెళ్లేవాళ్లు, నీళ్లు పెరిగితే అదే దారిలో తిరిగి రాలేమని గుర్తుపెట్టుకోండి. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వెళ్లొద్దు.

ఇప్పుడు గాలం కట్టడం, ఇదిగో దగ్గరగా చూపిస్తున్నాను. మెయిన్ లైన్‌లోకి ముందు గుండ్రటి సీసం, తర్వాత ఒక పూస, చివర స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు లింకు) కట్టండి. స్వివెల్ అవతల రెండడుగుల లీడర్ (విడి లైన్ ముక్క), దాని చివర నీళ్లలో తేలే జిగ్ హెడ్ (తల ఉన్న గాలం), దానికి మెలికల తోకున్న చిన్న ప్లాస్టిక్ ఎర. సీసం అడుగున దొర్లుతుంటే ఎర దానికి కొంచెం పైన, సరిగ్గా చేప నోటి ఎత్తులో తేలుతుంది. సీసం బరువు అర ఔన్సుతో మొదలుపెట్టండి. లైన్ మోనో (ఒకే పోగు నైలాన్) అయితే మేలు, బ్రెయిడ్ (అల్లిన పోగుల లైన్) నీళ్లు పీల్చుకుని రాడ్ రింగుల్లో గడ్డకడుతుంది. మోనోతో కూడా రింగుల్లో ఐస్ పడుతుంది, అప్పుడు వేళ్లతో విరగ్గొట్టకండి, రాడ్ కొసను కాసేపు నీళ్లలో ముంచితే కరిగిపోతుంది. ముందే రింగులకు కొంచెం లిప్ బామ్ రాస్తే ఐస్ పట్టడం తగ్గుతుంది.

విసరడం ఎగువకు కొంచెం వాలుగా. సీసం అడుగుకు తగలగానే లైన్ బిగించి, రీల్ తిప్పకుండా నీళ్లనే తీసుకెళ్లనివ్వండి. టక్, టక్, టక్ అని రాళ్లు తగులుతుండాలి. అసలు తగలకపోతే సీసం బరువు పెంచండి, ఒకచోటే ఆగిపోతుంటే తగ్గించండి. మనవాళ్లలో చాలామంది ఇక్కడే తొందరపడతారు, చేతులు గడ్డకట్టి రీల్ గబగబా తిప్పేస్తారు. ఇంత చల్లటి నీళ్లలో చేప ఒళ్లు మందంగా ఉంటుంది, ఎర వెంట పరిగెత్తదు, దాని ముఖం ముందుకు వస్తేనే నోరు తెరుస్తుంది. గాలి బాగా వీస్తే లైన్ విల్లులా వంగి ఎరను లాగేస్తుంది కాబట్టి రాడ్ కొస నీళ్లకు దగ్గరగా కిందికి పెట్టండి. చేప కొట్టినప్పుడు పెద్ద కుదుపు వస్తుందని ఎదురుచూడకండి. టక్‌టక్ ఆగిపోయి లైన్ తడి గుడ్డ తగిలినట్టు బరువెక్కుతుంది, అప్పుడు రాడ్ మెల్లగా ఎత్తి బిగించండి. ఊరికే రాడ్ విదిలిస్తూ ఉండొద్దు, దాంతో గాలం చేప వీపుకో పొట్టకో గుచ్చుకుంటుంది.

అలా నోటి బయట గుచ్చుకున్న చేపను ఉంచుకోకూడదు, వెంటనే వదిలేయాలి, అది ఒహాయో చట్టం. ఈ సీజన్‌లో అక్కడ గాలం ఒక ముల్లుదే ఉండాలి, మూడు ముళ్లది పనికిరాదు. పట్టడం కూడా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే. ఉంచుకునే చేప 15 అంగుళాలు ఉండాలి. రోజుకు ఎన్ని అన్నది ఆ ఏటి రూల్స్‌లో చూసుకోండి. 16 ఏళ్లు నిండితే లైసెన్స్ కావాలి. నోవై, ట్రాయ్ నుంచి వచ్చేవాళ్లకు మిషిగన్ లైసెన్స్ ఇక్కడ చెల్లదు, ఒహాయోది కొనాల్సిందే.

వదిలే చేపను మంచు మీద పడేయకండి, ఫొటో కోసం గాల్లో పట్టుకుని నిలబడకండి. గాలి గడ్డకట్టే చలిలో ఉన్నప్పుడు దాని మొప్పలు చాలా త్వరగా దెబ్బతింటాయి. గ్లవ్ తీసి, చెయ్యి తడుపుకుని, చేపను నీళ్లలోనే ఉంచి గాలం తీయండి, ముఖం ఎగువకు తిప్పి పట్టుకోండి, అదే తోక ఆడించి వెళ్లేదాకా. పొట్ట నిండా గుడ్లున్న పెద్ద ఆడ చేప పడితే, రూల్ ఒప్పుకున్నా సరే, దాన్ని వదిలేయమని నేను అడుగుతున్నాను. కూరకు మగ చేపలు చాలు. వాటిని ముక్కలు కోయడం వచ్చే వీడియోలో చూపిస్తాను.