ఒక నోట్‌బుక్, రెండు కర్సర్లు, ఒకే కెర్నల్

అందరికీ నమస్కారం.

కోడ్‌ను సెల్స్ అనే ముక్కలుగా రాసి, అక్కడే రన్ చేసి ఫలితం చూసుకునే ఫైలును నోట్‌బుక్ అంటారు. ఎక్కడో ఉన్న సర్వర్ మీద అలాంటి నోట్‌బుక్ తెరిచి, ఇద్దరు ముగ్గురు ఒకేసారి అందులో కోడ్ రాయడం ఇప్పుడు మామూలైపోయింది. మీ కర్సర్ పక్కన ఇంకొకరి కర్సర్ కదులుతుంటుంది, దాని మీద వాళ్ల పేరు కనిపిస్తుంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఇందులో చాలామంది ఇబ్బంది పడే చోటు ఒకటుంది. ఈరోజు ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను. ఇద్దరు రాసింది కలపడం మనకు బాగానే చేతనైంది. ఇద్దరు రన్ చేసింది కలపడం ఇంకా చేతకాలేదు.

ముందు రాత సంగతి. దూరంగా ఉన్న ఇద్దరు ఒకే తెర మీద పనిచేయడాన్ని అమెరికన్ కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరులోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో అందరి ముందు చేసి చూపించాడు. ఇద్దరూ ఒకేసారి టైపు చేస్తే ఏ అక్షరం ఎక్కడ పడాలన్న లెక్కకు 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే పరిశోధకులు ఒక పద్ధతి చెప్పారు. దాన్ని ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు. తర్వాత 2011లో షపీరో బృందం సీఆర్‌డీటీ అనే డేటా స్ట్రక్చర్లకు స్పష్టమైన రూపం ఇచ్చింది. నోట్‌బుక్‌లు తెరిచే జూపిటర్‌ల్యాబ్ అనే ప్రోగ్రామ్ 2021లో 3.1 వెర్షన్‌తో తెచ్చిన ఉమ్మడి ఎడిటింగ్‌కి ఆధారమైన వైజేఎస్ లైబ్రరీ ఈ రెండో కోవకు చెందింది.

సీఆర్‌డీటీ ఆలోచన తేలికే. 'ఏడో స్థానంలో ఈ అక్షరం పెట్టు' అని చెబితే గొడవ, ఎందుకంటే అవతలివాళ్లు ముందు రెండు అక్షరాలు చేర్చేసరికి ఏడో స్థానం మారిపోతుంది. అందుకని ప్రతి అక్షరానికీ ఎవరితోనూ కలవని ఒక గుర్తింపు ఇస్తారు. 'ఫలానా గుర్తింపు ఉన్న అక్షరం తర్వాత ఇది పెట్టు' అంటారు. ఇక మార్పులు ఏ వరుసలో అందినా చివరికి అన్ని తెరల మీదా ఒకటే పాఠం తేలుతుంది.

ఒకటే తేలుతుంది సరే, అది సరైనదేనా? ఒక సెల్‌లో 5 అని ఉంది. మీరు దాన్ని చెరిపి 10 రాశారు. సరిగ్గా అదే క్షణంలో నేనూ చెరిపి 20 రాశాను. ఇద్దరి తెరల మీదా 1020 అనో 2010 అనో వస్తుంది. అల్గారిథం తన పని తప్పు లేకుండా చేసింది, ఎర్రర్ కూడా రాలేదు. కానీ ఆ సంఖ్య మనిద్దరిలో ఎవరికీ అక్కర్లేదు.

ఇది చిన్న చిక్కే. కళ్లెదుటే ఉంటుంది కాబట్టి సరిచేసుకుంటాం. అసలు తలనొప్పి కెర్నల్‌తో, అంటే మన కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్‌తో.

నోట్‌బుక్ ఫైలంటే సెల్స్, వాటి అవుట్‌పుట్‌లు ఉన్న ఒక జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్) ఫైలు. కెర్నల్ వేరే ప్రాసెస్. వేరియబుల్స్ అన్నీ దాని మెమరీలో ఉంటాయి, ఫైల్లో ఉండవు. సీఆర్‌డీటీ ఫైలును కలుపుతుంది, కెర్నల్ మెమరీ జోలికి పోదు. పట్టికలోని ఒక కాలమ్‌ను 100తో భాగించే సెల్ ఉందనుకోండి. మీరు రన్ చేశారు. నేను ఆ సంగతి గమనించకుండా మళ్లీ రన్ చేశాను. విలువలు 10,000తో భాగింపబడ్డాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, ఫైలును ఎంత చదివినా తప్పు దొరకదు. సెల్ పక్కన ఉండే, రన్ చేసిన వరుస చెప్పే నంబరు ఒక్కటే మారుతుంది. నిజం చెప్పండి, ఆ నంబరు చూసేవాళ్లు మనలో ఎంతమంది?

ఒంటరిగా పనిచేసేటప్పుడూ ఈ తప్పు జరుగుతుంది. కాకపోతే ఏ సెల్ ఎప్పుడు నొక్కామో అప్పుడు మన తలలో కొంతైనా ఉంటుంది. ఇద్దరున్నప్పుడు ఆ జ్ఞాపకం సగం సగం అవుతుంది. దీనికితోడు కెర్నల్ వచ్చిన పనులను వరుసలో పెట్టి ఒక్కొక్కటిగా చేస్తుంది. ఒకరు గంటపాటు నడిచే మోడల్ ట్రైనింగ్ మొదలుపెడితే రెండోవాళ్ల చిన్న కూడిక కూడా దాని వెనకే కూర్చోవాలి. విసుగొచ్చి రీస్టార్ట్ నొక్కారా, ఇద్దరి పనీ పోయినట్టే.

రాయడం అందరూ రాయండి, రన్ చేసేది మాత్రం ఒక సమయంలో ఒక్కరే అని నేను సలహా ఇస్తాను. కొందరికి ఇది చాదస్తంలా అనిపిస్తుంది. అలాంటివాళ్లు ఒకే ఫైలుకు మనిషికో కెర్నల్ పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు కనిపించే అవుట్‌పుట్ ఎవరి కెర్నల్‌దో తెలియదు. రెండింట్లో నాకు మొదటిదే నయం. ఇంకొకటి, సెల్‌ను ఎన్నిసార్లు రన్ చేసినా ఒకటే ఫలితం వచ్చేలా రాయండి. పాత కాలమ్ మీదే రాయకుండా, భాగించిన విలువలను కొత్త కాలమ్‌లో పెడితే ఇందాకటి గొడవే ఉండదు. పని ముగించే ముందు కెర్నల్ రీస్టార్ట్ చేసి పైనుంచి కిందిదాకా ఒకసారి నడపండి. అలా నడవని నోట్‌బుక్‌ను ఎవరికీ పంపకండి.

చివరగా లింకుల సంగతి. డాక్యుమెంట్ లింక్ ఇచ్చినంత తేలిగ్గా నోట్‌బుక్ లింక్ ఇచ్చేస్తుంటారు. రన్ చేసే అనుమతితో ఇస్తే, అవతలి మనిషి మీ అకౌంట్ హక్కులతో ఆ సర్వర్ మీద ఏ కమాండ్ అయినా నడపగలడు. ఆ అకౌంట్‌కు అందే ఫైళ్లు చదవగలడు, చెరపగలడు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో దాచిన పాస్‌వర్డ్‌లూ చూడగలడు. కేవలం చూడాల్సినవాళ్లకు చూసే అనుమతే ఇవ్వండి. బయటివాళ్లతో పనిచేయాల్సి వస్తే, మీ రహస్యాలేవీ లేని వేరే కంటైనర్‌లో, అంటే సర్వర్‌లో విడిగా వేరుచేసిన చోట, కెర్నల్ నడపండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.